పెద్ద ఆపరేషన్ తర్వాత నొప్పిని ఓర్చుకోవలసిందేనా?

కడుపు గోడలోని నరాలకు మత్తు సూది - బాలింతకు ఒక పూట ఊరట

పొద్దున పదకొండు గంటలకు ఆపరేషన్ అయింది. పండంటి బిడ్డ పుట్టాడు. వరండాలో కూర్చున్న బంధువులకు మిఠాయి పంచారు. మధ్యాహ్నం వరకు బాలింతకు నడుము కింద ఏమీ తెలియలేదు. మూడు గంటలు దాటేసరికి కాళ్లు కదిలాయి. కాళ్లతో పాటు నొప్పీ వచ్చింది. చీకటి పడేసరికి పక్కకు ఒత్తిగిలడం కూడా కష్టమైంది. దగ్గు వస్తే రెండు చేతులతో పొట్ట పట్టుకుంది. అర్ధరాత్రి బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే, లేచి కూర్చుని పాలు ఇవ్వలేక ఆమే కంటతడి పెట్టుకుంది. “పిల్లల్ని కనడమంటే మాటలా? ఓర్చుకోవాలమ్మా” అని అత్తగారు సర్దిచెప్పింది. చివరికి బిడ్డకు డబ్బా పాలు కలిపి పట్టారు.

ఏ జిల్లా ఆసుపత్రికి వెళ్లినా, ఏ నర్సింగ్ హోముకు వెళ్లినా బాలింతల వార్డులో ఏదో ఒక మంచం దగ్గర ఈ కథ కనబడుతుంది. ఆపరేషన్ అన్నాక నొప్పి ఉండక తప్పదని బాలింత అనుకుంటుంది. ఇంటివారూ అలాగే అనుకుంటారు. అడగడానికి మొహమాటపడతారు. అయితే ఆ నొప్పిని చాలావరకు తగ్గించే మార్గాలు ఉన్నాయి. వాటిలో ఒకటి, కడుపు గోడలోని నరాలకు మత్తుమందు ఎక్కించడం. దీనిని మత్తు డాక్టర్లు ‘నెర్వ్ బ్లాక్’ అంటారు.

ఇంటింటి సంగతి

సిజేరియన్ ఇప్పుడు అరుదైన ఆపరేషన్ కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల ప్రకారం తెలంగాణలో నూటికి 60 కాన్పులు, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు సిజేరియన్ ద్వారానే జరిగాయి. దేశం మొత్తం మీద ఈ లెక్క నూటికి 21 మాత్రమే. తెలంగాణలోని ప్రైవేటు ఆసుపత్రులలోనైతే నూటికి 81 వరకు ఉంది. ఇన్ని ఆపరేషన్లు అవసరమా కాదా అనేది వేరే చర్చ. కోత పడిన తల్లులు మాత్రం ప్రతి ఊరిలోనూ ఉన్నారు. వారి నొప్పి సంగతి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

మిగతా ఆపరేషన్లకూ దీనికీ ఒక తేడా ఉంది. అపెండిక్స్ ఆపరేషన్ అయినవారు వారం రోజులు మంచం మీద పడుకున్నా ఫరవాలేదు, చూసుకునేవారు ఉంటారు. బాలింతకు ఆ వీలు లేదు. కోత కుట్లు ఆరకముందే బిడ్డను ఎత్తుకోవాలి. రెండు మూడు గంటలకు ఒకసారి పాలు ఇవ్వాలి. నొప్పితో కదలలేని తల్లి దగ్గర బిడ్డకు ముర్రుపాలు సకాలంలో అందవు. కదలకుండా పడుకుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. కాన్పు అయిన కొత్తలో ఈ ముప్పు మామూలు కంటే ఎక్కువ. కోత లాగుతుందని దగ్గు ఆపుకుంటే ఊపిరితిత్తులలో నెమ్ము చేరవచ్చు. కనుక నొప్పి తగ్గించడం సుఖం కోసం చేసే పని కాదు. తల్లీబిడ్డల క్షేమం కోసం చేయవలసిన పని.

2008లో వెలువడిన ఒక పరిశోధనలో వైద్యులు వెయ్యి మందికి పైగా బాలింతలను గమనించారు. కాన్పు అయిన కొత్తలో తీవ్రమైన నొప్పి పడినవారిలో ఎనిమిది వారాల తర్వాత కూడా నొప్పి మిగిలిపోవడం రెండున్నర రెట్లు, మనసు కుంగిపోవడం మూడు రెట్లు ఎక్కువగా కనిపించాయి. బాలింత ఊరికే ఏడుస్తోందని విసుక్కునే ఇళ్లలో ఈ సంగతి తెలుసుకోవలసి ఉంది.

నొప్పి రెండు రకాలు

సిజేరియన్ తర్వాత వచ్చే నొప్పి ఒకటి కాదు, రెండు. పొత్తికడుపు మీద అడ్డంగా కోసిన చర్మం, కండరాల నుంచి వచ్చేది మొదటిది. కదిలినా, దగ్గినా, నవ్వినా ఇది పొడుస్తుంది. రెండవది గర్భసంచి ముడుచుకునేటప్పుడు లోపల నుంచి వచ్చే మెలిపెట్టే నొప్పి. బిడ్డ పాలు తాగేటప్పుడు ఇది మరికాస్త ఎక్కువవుతుంది. గర్భసంచి ముడుచుకోవడం మంచిదే. రక్తస్రావం ఆగేది దాని వల్లనే.

నెర్వ్ బ్లాక్ పనిచేసేది మొదటి రకం నొప్పి మీద. రెండవ దానికి మాత్రలు, ఇతర మందులు కావాలి. ఈ తేడా తెలియక కొందరు, సూది వేశారు గదా ఇంకా నొప్పి ఎందుకు వస్తున్నదని కంగారు పడుతుంటారు.

తీగ తెలిస్తే ఫ్యూజు తీయవచ్చు

నొప్పి కోత దగ్గర పుట్టినా అది తెలిసేది మెదడుకు. కోత నుంచి మెదడు వరకు కబురు మోసుకుపోయేవి నరాలు. కరెంటు తీగలతో దీనిని పోల్చవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు తీస్తే వీధి మొత్తానికి కరెంటు పోతుంది. ఒక ఇంటి ఫ్యూజు తీస్తే ఆ ఇంటికే పోతుంది.

ఆపరేషన్‌కు ముందు వెన్నులో ఇచ్చే మత్తు సూది ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు తీయడం వంటిది. రొమ్ము కింద నుంచి కాలి వేళ్ల దాకా అంతా మొద్దుబారుతుంది. తల్లి మెలకువగానే ఉంటుంది, బిడ్డ ఏడుపు వింటుంది. కాని ఆ మత్తు రెండు మూడు గంటలకు మించి నిలవదు. నెర్వ్ బ్లాక్ ఒక ఇంటి ఫ్యూజు తీయడం వంటిది. కోత పడిన కడుపు గోడ మాత్రమే మొద్దుబారుతుంది. కాళ్లు కదులుతాయి, తల్లి స్పృహలో ఉంటుంది, బిడ్డను ఎత్తుకోవచ్చు.

పొరల నడుమ మందు

కడుపు గోడకు పక్క భాగాన ఒకదాని కింద ఒకటిగా మూడు కండరాల పొరలు ఉంటాయి, ఉల్లిపాయ పొరల మాదిరిగా. వెన్ను నుంచి బయలుదేరిన నరాలు రెండవ పొరకూ మూడవ పొరకూ మధ్య నుంచి ముందుకు వస్తాయి. ఆ సందులో మత్తుమందు నింపితే అది పొరల మధ్య పరుచుకుని నరాలను తడుపుతుంది. కబురు అక్కడితో ఆగిపోతుంది. ఈ పద్ధతిని ‘ట్యాప్ బ్లాక్’ అంటారు.

ఆపరేషన్ ముగిసి కుట్లు వేశాక, వెన్నులో ఇచ్చిన మత్తు ఇంకా దిగకముందే ఈ సూది వేస్తారు. కనుక సూది పోటు తల్లికి తెలియదు. నడుముకు కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి, రెండు సూదులు. పని తెలిసినవారికి పది పదిహేను నిమిషాలకు మించి పట్టదు. బుపివకైన్ లేదా రోపివకైన్ అనే మందు వాడతారు. బుపివకైన్ కొత్త మందు కాదు. వెన్నులో మత్తు సూదికీ ఇదే వాడతారు. జాతీయ అత్యవసర మందుల జాబితాలోనూ ఉంది. ఖరీదు కూడా ఎక్కువ కాదు.

ఊరట ఎంతసేపు ఉంటుందనేది అందరికీ ఒకటిగా ఉండదు. చాలామందికి ఎనిమిది నుంచి పన్నెండు గంటలు, కొందరికి దాదాపు ఒక రోజు. సరిగ్గా కుదరకపోతే ఒక పక్క మాత్రమే పనిచేయవచ్చు. అయినా నొప్పి ఎక్కువగా ఉండే మొదటి రాత్రి గట్టెక్కితే బాలింతకు సగం భారం తగ్గినట్లే.

ఎలా వచ్చింది ఈ పద్ధతి?

రఫీ అనే వైద్యుడు 2001లో ఈ విధానాన్ని మొదటిసారిగా వివరించాడు. నడుము పక్కన తుంటి ఎముకకు కాస్త పైన చేతితో తడిమి చోటు గుర్తించి, సూది పొర దాటినప్పుడు కలిగే చిన్న కుదుపును బట్టి మందు ఇచ్చేవారు. 2007లో ఆస్ట్రేలియా వైద్యులు స్కానింగ్ యంత్రం సాయంతో పొరలను కంటితో చూస్తూ సూది వేసే పద్ధతిని వివరించారు. దానితో పని తేలికైంది, ప్రమాదమూ తగ్గింది.

2008లో ఐర్లండ్ వైద్యుడు మెక్‌డొనెల్, ఆయన సహచరులు 50 మంది సిజేరియన్ తల్లులపై జరిపిన పరిశోధన ప్రచురితమైంది. సగం మందికి నరాలకు మత్తుమందు, సగం మందికి ఉత్త ఉప్పునీరు ఎక్కించారు. నొప్పి వచ్చినప్పుడు మార్ఫిన్ తీసుకునే వీలు అందరికీ కల్పించారు. ఉప్పునీరు ఎక్కించినవారికి రెండు రోజులలో సగటున 66 మిల్లీగ్రాముల మార్ఫిన్ అవసరమైంది. మత్తుమందు ఎక్కించినవారికి 18 మిల్లీగ్రాములతో సరిపోయింది.

తర్వాత వెన్ను దగ్గర లోతైన కండరం పక్కన మందు ఇచ్చే మరో పద్ధతి వచ్చింది. స్పెయిన్ వైద్యుడు బ్లాంకో 2007లో దీనిని ముందుకు తెచ్చాడు. ఇది లోపలి నొప్పిని కూడా కొంత తగ్గించవచ్చునని చెబుతారు. కాని దీనికి నేర్పు ఎక్కువ కావాలి.

మార్ఫిన్ ఉంటే ఒక దారి, లేకుంటే ఒక దారి

నెర్వ్ బ్లాక్ అందరికీ తప్పనిసరి అనుకోనక్కరలేదు. వెన్నులో మత్తు సూది ఇచ్చేటప్పుడే అందులో అతి కొద్దిగా, అంటే ఒక మిల్లీగ్రాములో పదో వంతు మార్ఫిన్ కలిపితే ఇంచుమించు ఒక రోజు పాటు నొప్పి అదుపులో ఉంటుంది. లోపలి నొప్పికీ అది పనిచేస్తుంది. ఒళ్లు దురద, వాంతులు రావడం దీనితో ఉన్న చిక్కు. చాలా అరుదుగా ఊపిరి మందగించవచ్చు, అందుకని రాత్రంతా కనిపెట్టి ఉండాలి. మార్ఫిన్ ఇచ్చినవారికి మళ్లీ ట్యాప్ బ్లాక్ ఇచ్చినా అదనపు మేలు పెద్దగా లేదని తర్వాతి పరిశోధనలలో తేలింది.

అయితే మార్ఫిన్ అన్ని చోట్లా దొరకదు. మాదక ద్రవ్యాల చట్టం 1985లో వచ్చాక దానిని నిల్వ చేయడానికి లైసెన్సులు, రిజిస్టర్ల గొడవ పెరిగింది. 2014లో చట్టాన్ని సవరించి నిబంధనలు సడలించినా చిన్న ఆసుపత్రులు చాలావరకు దాని జోలికి పోవు. రాత్రంతా కనిపెట్టి చూసే నర్సులూ తక్కువే. అటువంటి చోటనే నెర్వ్ బ్లాక్ విలువ తెలుస్తుంది. మార్ఫిన్ ఇవ్వనప్పుడు ట్యాప్ బ్లాక్ గాని, కోత చుట్టూ మత్తుమందు గాని ఇవ్వాలని 2020లో సవరించిన యూరప్ వైద్య నిపుణుల మార్గదర్శకాలు కూడా సూచిస్తున్నాయి.

స్కానింగ్ యంత్రం చిక్కు

మందు చవక. మరి అడ్డంకి ఎక్కడ? రెండు చోట్ల. మొదటిది మనిషి. నేర్పు ఉన్న మత్తు డాక్టరు కావాలి. చిన్న పట్టణాలలో ఒకే మత్తు డాక్టరు రెండు మూడు ఆసుపత్రులకు తిరుగుతుంటాడు. ఒక ఆపరేషన్ ముగియగానే మరో చోటికి పరుగు. అదనంగా పావుగంట ఆగడం అతనికి కష్టం.

రెండవది యంత్రం. గర్భంలోని బిడ్డ ఆడా మగా అని చెప్పడం నేరమని స్కానింగ్ గదుల ముందు బోర్డులు అందరూ చూసినవే. ఆ నిషేధం 1994 నాటి చట్టం వల్ల వచ్చింది. అదే చట్టం కింద ప్రతి స్కానింగ్ యంత్రాన్ని రిజిస్టరు చేయించాలి. నరాలు చూడడానికి వాడే యంత్రమైనా సరే, మినహాయింపు లేదు. ఆడపిల్లలను కాపాడేందుకు ఆ కట్టడి అవసరమే. కాని రిజిస్ట్రేషన్ తతంగానికి జంకి కొన్ని ఆసుపత్రులు ఆపరేషన్ గదిలో యంత్రం పెట్టుకోవడం లేదు.

ఈ రెండూ లేని చోట ఇంకొక దారి ఉంది. కుట్లు వేసే డాక్టరే కోత అంచుల వెంట మత్తుమందు ఎక్కించవచ్చు. దీనికి యంత్రం అక్కరలేదు, వేరే డాక్టరూ అక్కరలేదు. నెర్వ్ బ్లాక్‌కూ దీనికీ ఫలితంలో పెద్ద తేడా కనబడలేదని కొన్ని పరిశోధనలు చెబుతున్నాయి. చిన్న ఆసుపత్రులకు ఇది అందుబాటులో ఉన్న ఉపాయం.

ప్రమాదం లేదా?

ఏ మందుకైనా మోతాదు ముఖ్యం. మత్తుమందు ఎక్కువైనా, రక్తనాళంలోకి పోయినా చెవుల్లో హోరు, నాలుక మీద ఇనుము నాకినట్లు రుచి, పెదవుల తిమ్మిరి కలుగుతాయి. ముదిరితే ఫిట్స్ వస్తాయి, గుండె లయ తప్పుతుంది. ఇది అరుదు. గర్భిణులకు, కొత్త బాలింతలకు మాత్రం ఈ మందు తొందరగా పనిచేస్తుంది గనుక జాగ్రత్త ఎక్కువ కావాలి. బుపివకైన్ మోతాదు తల్లి బరువులో కిలోకు 2 మిల్లీగ్రాములు దాటకుండా చూడడం మామూలు జాగ్రత్త. 45 కిలోల తల్లికి 90 మిల్లీగ్రాములు మించరాదన్న మాట. బక్కపలచని తల్లులు ఎక్కువగా ఉన్న మన పల్లెలలో బరువు తూచకుండా అంచనా మీద మందు ఇవ్వడం తగదు. విరుగుడుగా 20 శాతం కొవ్వు ద్రావణం సీసా ఆపరేషన్ గదిలో సిద్ధంగా ఉంచుకోవాలి.

మందు కొంత తొడ నరానికి పాకితే కాలు కాసేపు బలహీనంగా ఉండవచ్చు. అందుకని మొదటిసారి మంచం దిగేటప్పుడు పక్కన ఒక మనిషి ఉండాలి. తల్లి పాలలోకి ఈ మందు చేరేది అత్యల్పం, బిడ్డకు పాలు ఇవ్వవచ్చు. వెన్నులో సూది వేస్తే జన్మంతా నడుము నొప్పి ఉంటుందని ఊళ్లలో ఒక భయం ఉంది. సూది పొడిచిన చోట కొద్ది రోజులు సలుపు ఉండవచ్చు గాని, ఏళ్ల తరబడి వచ్చే నడుము నొప్పికి ఆ సూదే కారణమని పరిశోధనలలో రుజువు కాలేదు.

మాత్రలు మానరాదు

సూది పనిచేస్తున్నది గదా అని మాత్రలు మానేస్తే తెల్లవారేసరికి నొప్పి ఒక్కసారిగా మీద పడుతుంది. పారాసెటమాల్, దానికి తోడు ఐబుప్రొఫెన్ లేదా డైక్లోఫెనాక్ వంటి మందు వేళకు వేసుకోవాలి. నొప్పి ముదిరాక వేసుకోవడం కంటే గడియారం చూసుకుని వేసుకోవడం మేలు. పారాసెటమాల్ రోజు మొత్తం మీద 4 గ్రాములు దాటరాదు, బరువు తక్కువ తల్లులకు అంతకన్నా తగ్గించాలి. రక్తపోటు, మూత్రపిండాల జబ్బు, కడుపులో పుండు, ఉబ్బసం ఉన్నవారు డైక్లోఫెనాక్ వంటివి వేసుకునే ముందు డాక్టరుకు చెప్పాలి. ఈ రెండు రకాల మాత్రలు తీసుకుంటూ బిడ్డకు పాలు ఇవ్వవచ్చు. పాలిచ్చే తల్లులు కొడీన్, ట్రమడాల్ వాడవద్దని, అది బిడ్డ ఊపిరికి ప్రమాదం కావచ్చునని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించింది. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి మాత్ర వేసుకోవడం మంచిది కాదు.

కోత చుట్టూ ఒక మోస్తరు బిగువుగా నడికట్టు కట్టుకుంటే లేచి నడవడం సులువవుతుంది. మన అమ్మమ్మలు బాలింతలకు నడుముకు గుడ్డ చుట్టేవారు. ఆ అలవాటులో అర్థం లేకపోలేదు. దగ్గేటప్పుడు పొట్ట మీద చిన్న దిండు అదిమి పట్టుకోవాలి. లేచేటప్పుడు తిన్నగా కాక పక్కకు ఒత్తిగిలి మోచేతి ఊతతో లేవాలి. బిడ్డను చంక కింద పట్టుకుని పాలు ఇస్తే కోత మీద బరువు పడదు.

ఎప్పుడు అడగాలి? ఏమి అడగాలి?

అడగవలసింది నొప్పి వచ్చాక కాదు, ఆపరేషన్‌కు ముందే. కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు ఇంటివారు మత్తు డాక్టరును నాలుగు మాటలు అడగాలి. ఆపరేషన్ అయ్యాక నొప్పికి ఏమి ఇస్తారు? వెన్ను సూదిలో మార్ఫిన్ కలుపుతారా? లేకుంటే కడుపు నరాలకు గాని, కోత చుట్టూ గాని మత్తు ఇస్తారా? రాత్రి నొప్పి వస్తే ఎవరిని పిలవాలి? పూర్వం మందులు పడకపోయిన సంగతి, ఉన్న జబ్బులు, తల్లి బరువు దాచకుండా చెప్పాలి.

ప్రభుత్వ ఆసుపత్రులలో సిజేరియన్ ఆపరేషన్, మందులు, ఏడు రోజుల వరకు భోజనం, ఇంటికి చేర్చే వాహనం ఉచితంగా ఇవ్వాలని 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం చెబుతున్నది. నొప్పి మందు కూడా మందే. దానిని బయట కొనుక్కు రమ్మంటే ఎందుకని అడిగే హక్కు ఉంది.

ఒక హెచ్చరిక కూడా ఉంది. నొప్పి రోజురోజుకూ తగ్గాలి. మూడు నాలుగు రోజుల తర్వాత తగ్గవలసింది పోయి పెరిగినా, జ్వరం వచ్చినా, కుట్ల నుంచి చీము గాని దుర్వాసన గాని వచ్చినా, రక్తం ఎక్కువగా పోతున్నా, ఒక పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా మాత్రతో సరిపెట్టుకోరాదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

కాన్పు నొప్పులను ఓర్చుకున్న తల్లిని ఊరు మెచ్చుకుంటుంది. ఆ మెప్పు మంచిదే. కాని కోత నొప్పిని పళ్ల బిగువున భరించినందువల్ల బిడ్డకు గాని, తల్లికి గాని ఒరిగేది లేదు. రాత్రి రెండు గంటలకు బిడ్డ ఏడ్చినప్పుడు తల్లి తానుగా లేచి కూర్చుని ఒడిలోకి తీసుకోగలగాలి. అందుకోసం ఆసుపత్రి గుమ్మంలో ఇంటివారు నోరు విప్పి అడగవలసి ఉంది.